చీటీ లేనిదే చెంచా కదలదు

పెదగుమ్ములూరులో గుండిగల వారింట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళెవరూ అనలేదు. గుండిగల వాళ్ళే అనుకునేవాళ్ళు. పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఒకసారి, రాత్రి పక్కలు వేసుకుంటూ ఒకసారి, మధ్యలో ఖాళీ దొరికితే ఇంకోసారి.

ఇంటి పెద్ద పాపారాయుడు. కొత్త గొడుగు తడిసి పాడవుతుందని, కుండపోత వానలో దాన్ని చొక్కాలో దాచుకుని ఇల్లు చేరిన బుద్ధిమంతుడు. ఆయన భార్య వీరాయమ్మ. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చూస్తే చాలన్నారని, ఒక్క మెతుకే ఉడికించి చూసి, మిగతా బియ్యం అలాగే వడ్డించిన ఇల్లాలు. ఇక పాపారాయుడి తమ్ముడు తాతబ్బాయి. అతని తెలివి గురించి విడిగా చెప్పక్కర్లేదు, ఈ కథంతా అదే.

పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంటపాత్రలు అద్దెకివ్వడం వాళ్ళ వ్యాపారం. అసలు ఇంటిపేరు ఏదో ఉండేది గానీ, గుండిగలూ గంగాళాలూ ఇచ్చీ ఇచ్చీ గుండిగల వాళ్ళైపోయారు. కొట్లో ఓ పాత కంప్యూటరు, అందులో 'పాత్రధారి' అనే ప్రోగ్రాం ఉండేవి. కాకినాడ కంపెనీవాళ్ళు ఎప్పుడో పెట్టిపోయారు. ఆ పేరు విని వీరాయమ్మ మొదటిరోజు చాప వేసుకుని, నాటకం ఎప్పుడు మొదలవుతుందా అని సాయంత్రందాకా కూర్చుంది. నాటకం రాలేదు గానీ, ఏ పెళ్ళికి ఏ పాత్రలు వెళ్ళాలో ఆ రోజు పొద్దున్నే అందులోంచి చీటీ వచ్చేది. చీటీ చూశాకే గోడౌను కాపలా పోతురాజు తాళం తీసేవాడు. చీటీ లేనిదే చెంచా కదలదు. ఇది చచ్చిపోయిన నాన్నగారు పెట్టిన శాసనం. ఒకసారి ఇంట్లో పులుసు కలపడానికి గరిటె కావలసి వస్తే వీరాయమ్మ చీటీ కోసం మధ్యాహ్నందాకా ఆగింది. పులుసు ఆగలేదు.

తాతబ్బాయికి ముప్పై దాటి చాలాకాలమైంది. ఊళ్ళో జరిగిన ప్రతి పెళ్ళికీ వెళ్ళాడు పాపం, కానీ ఎప్పుడూ వంటశాల వైపునుంచే వెళ్ళాడు. సన్నాయి వినిపిస్తుంటే గంగాళం తోముతూ, ఎప్పటికైనా తనూ పందిరి వైపునుంచి వెళ్ళాలని కలలు కనేవాడు. ఎట్టకేలకి చినగుమ్ములూరు గంగన్నగారి అమ్మాయి వరహాలు కుదిరింది. పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల "మీకేవిటి ఇష్టం?" అనడిగితే తాతబ్బాయి "గుండిగలు" అన్నాడు. "నాకూనండి" అని ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా అతనికి కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

"మాకు కట్నాలూ కానుకలూ ఏం వద్దండి బాబూ," అన్నాడు గంగన్న, తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు. "వంటపాత్రలు మాత్రం మీవే. శుక్రవారం పొద్దుటే మండపానికి పంపించెయ్యాలి. మావాళ్ళు దేనికైనా ఆగుతారు గానీ ఆకలికి ఆగరండి. పొయ్యిమీద గుండిగ లేకపోతే పీటలమీద పిల్ల ఉండదు. ముందే చెప్పేస్తన్నాను."

"గుండిగలకి మా దగ్గర కరువా!" అని పాపారాయుడు పడీపడీ నవ్వాడు.

ఆ మంగళవారమే కంపెనీనుంచి ఫిలిప్ గారు ఫోన్ చేశారు. ఏటా కట్టే మెయింటెనెన్సు గడువు దాటిపోతోందని ఆయన గుర్తుచేశారు. పాపారాయుడు ఫోను బల్లమీద పెట్టి, అందరికీ వినపడేలా గొంతు సవరించుకున్నాడు.

"ఫిలిప్ గారూ, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెడిందాండి అది? చెడనిదానికి బాగుచేత కూలేంటండి? ఇంక మెయింటెనెన్సు ఇచ్చేది లేదు."

జల్లిగరిటె తిరిగిచ్చేద్దామని వచ్చి, స్టూలుమీద కూర్చుని టీ తాగుతున్న బుల్లిరామయ్య గతుక్కుమన్నాడు. "ఎవరికండీ? మొదటావిడికా?" అని వీరాయమ్మని నెమ్మదిగా అడిగాడు.

"చెడకుండా ఉన్నది మేం చూస్తున్నాం కాబట్టేనండి," అన్నారు ఫిలిప్ గారు ఫోన్లోంచి.

"మీరు చూస్తేనే చెడలేదంటే మేం చూస్తే చెడుతుందా? మాకు కళ్ళు లేవా?"

ఫిలిప్ గారు మంచిమనిషి. నిట్టూర్చి, "సరే మీ ఇష్టం. కానీ పాతది కదండి, నాలుగు జాగ్రత్తలు చెబుతాను వినండి," అన్నారు. "ఇకమీదట దాన్ని మీరే చూసుకోవాలి. ఉన్నది ఉన్నట్టు ఉంచండి, ఏదీ మార్చకండి. బయటి సంబంధాలు అసలు పెట్టకండి, ఎక్కణ్ణుంచి ఏ రోగం వచ్చి పడుతుందో తెలీదు. ఓ నకలు తీయించి వేరే ఊళ్ళో దాచండి. అప్పటికీ తేడా చేస్తే, పని తెలిసిన పాతమనిషి ఎవరినైనా పట్టుకోండి. అంతే."

"అంతేనా! ఈమాత్రం దానికి ఏటా కట్టించుకున్నారా!" అని పాపారాయుడు ఫోన్ పెట్టేశాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ తెలివికి తామే ముచ్చటపడ్డారు.

ఇంకేముంది, పని మొదలైంది.

ముందు చూసుకోవాలి కదా. వీరాయమ్మ కొంగు బిగించి కంప్యూటరు ముందు కూర్చుంది. "చూడ్డంలో నాకు అనుభవం ఉందండి. పాలు పొంగకుండా చూడవే అని అత్తగారంటే, పొంగి పొయ్యి ఆరిపోయేదాకా చూపు తిప్పలేదు," అంది. రెప్ప వెయ్యకుండా చూసింది. ఆమె తర్వాత పాపారాయుడు, ఆయన తర్వాత తాతబ్బాయి వంతులేసుకుని చూశారు. రెప్ప వెయ్యకపోతే కళ్ళు ఊరుకుంటాయా? ధారలు కట్టాయి. పక్కింటి మంగతాయారు తొంగిచూసి, ముగ్గురి మొహాలూ తడిగా ఉండటంతో గుండెమీద చెయ్యేసుకుంది.

"అయ్యో, ఏవయిందమ్మా? పోయిందా?"

"పోలేదు, ఉంది," అంది వీరాయమ్మ ముక్కు చీదుతూ.

"ఉంటే ఏడుపెందుకు?"

"ఉన్నంతకాలం చూసుకోవాలి కదమ్మా మరి!"

మంగతాయారు ఏం అర్థమయ్యో తనూ కాసేపు ఏడ్చి వెళ్ళింది.

ఈలోగా బుల్లిరామయ్య టీ గ్లాసు కిందపెట్టి లేవబోయాడు. తాతబ్బాయి ఒక్క గెంతు గెంతి ఆయన భుజాలు నొక్కిపట్టాడు.

"కదలకండి బాబాయి గారూ! ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. ఆ మాట అన్నప్పుడు మీరు ఇక్కడే ఉన్నారు."

"ఎంతసేపు ఉండాలబ్బాయీ?"

"అది చెప్పలేదండి. గ్లాసు పైకెత్తండి, మూతి దగ్గర ఉండాలి. వదినా, టీ చల్లారిపోతంది! చల్లారితే మారిపోయినట్టే!"

వీరాయమ్మ వేడివేడి టీ పోసింది. అది చల్లారేలోగా మళ్ళీ పోసింది. పస్తుంటే మనిషి మారిపోతాడని మధ్యలో గారెలు కూడా పెట్టింది. బుల్లిరామయ్య రెండో గారె తిన్నాక ఈ ఏర్పాటు బాగానే ఉందనుకున్నాడు. సాయంత్రం ఆయన భార్య వెతుక్కుంటూ వస్తే, "మీ ఆయన ఇప్పుడు ప్రోగ్రాంలో భాగమమ్మా, తియ్యడానికి లేదు," అని పాపారాయుడు చెప్పాడు. ఆవిడ గారెల పళ్ళెం వైపు చూసింది. "ఇంట్లోనూ ఇలాగే కూర్చుంటారు లెండి, ఇక్కడైతే టీ ఖర్చన్నా మీది," అని వెళ్ళిపోయింది.

అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటుంటే తాతబ్బాయి కెవ్వున అరిచాడు. "అన్నయ్యా! మారిపోతంది! కింద మూల చూడు!"

నిజమే. కంప్యూటరు తెరమీద కుడివైపు అడుగున గడియారం అంకె చూస్తుండగానే మారింది. కాసేపటికి మళ్ళీ మారింది. "ఎవరూ చెయ్యి పెట్టకుండానే మారిపోతోందే, ఎంత పొగరు!" అన్నాడు పాపారాయుడు. తాతబ్బాయి అక్కడా ఇక్కడా నొక్కి, ఎలాగో ఆ అంకెని మళ్ళీ వెనక్కి నెట్టాడు.

"అదేంట్రా, మార్చొద్దన్నారు కదా, నువ్వే మారుస్తున్నావు?"

"నేను మార్చట్లేదన్నయ్యా. మారినదాన్ని మారకముందుకి మార్చి, మారనట్టు చేస్తున్నాను."

పాపారాయుడికి కళ్ళు చెమర్చాయి. "నాన్న ఉంటే ఎంత సంతోషించేవారో," అన్నాడు.

అప్పట్నుంచి తాతబ్బాయికి అదే పని. అంకె ముందుకెళ్ళడం, అతను వెనక్కి లాగడం. రాత్రి ఆపేసి పడుకుంటే, ఆ కంప్యూటరు దొంగలాగా బుధవారంలోకి జారుకునేది. తెల్లారగానే తాతబ్బాయి దాన్ని మళ్ళీ మంగళవారంలోకి ఈడ్చుకొచ్చేవాడు. ఊరంతా గురువారానికి వెళ్ళినా గుండిగల వారి కొట్లో మాత్రం మంగళవారమే నిలిచి ఉంది.

అలా అంకెలు లాగుతూ లాగుతూ ఉండగా తాతబ్బాయికి ఓ సంగతి తట్టింది. చేతులు ఆగిపోయాయి.

"అన్నయ్యా," అన్నాడు నీరసంగా. "బయటి సంబంధాలు పెట్టొద్దన్నారు కదా."

"అన్నారు."

"వరహాలు మనకి చుట్టం కాదు. బయటి సంబంధమే."

బుల్లిరామయ్య కూడా గారె నమలడం ఆపాడు. నిజమే, మేనరికాలేవీ కుదరకే కదా బయటి సంబంధం చూసింది! వరహాలు నవ్వు కళ్ళముందు మెదిలి తాతబ్బాయి గడియారం సంగతే మర్చిపోయాడు. ఇన్నాళ్ళకి కుదిరిన పెళ్ళి ఒక్కమాటతో పోయేలా ఉంది. మరిది మొహం చూసి వీరాయమ్మ మనసు కరిగింది. "ఇందులో దిగులెందుకు? బయటి సంబంధాన్ని లోపలి సంబంధం చేసేస్తే సరి!" అంది.

అంతే. పాపారాయుడు స్కూటరేసుకుని చినగుమ్ములూరు వెళ్ళాడు. గంగన్న అరుగుమీద పెళ్ళికి కొబ్బరికాయలు పీచు తీయిస్తున్నాడు.

"గంగన్నగారూ, మీరు అర్జెంటుగా మా అమ్మకి తమ్ముడు అవ్వాలండి."

"దానికేం భాగ్యం, అవుతాను," అన్నాడు గంగన్న. ఆయన కూడా తెలివిలో తీసిపోయిన మనిషి కాదు. "మీ అమ్మగారు ఒప్పుకుంటారా?"

"ఆవిడ పోయారండి. అందుకే కాదనేవాళ్ళు లేరు."

"అయ్యో, నా అక్క పోయిందా!" అని గంగన్న గొల్లుమన్నాడు. లోపల్నుంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. మేనత్త పోయిందని తెలిసి వరహాలు వెక్కివెక్కి ఏడ్చింది. ఉన్నట్టుండి గంగన్న కళ్ళు తుడుచుకుని, "అక్క పోతే మైల కదా అల్లుడూ, మరి పెళ్ళెలాగా?" అన్నాడు. పాపారాయుడు గబగబా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "పోయి చాలా ఏళ్ళైందండి మావయ్యా," అన్నాడు. "అలా చెప్పు, చంపేశావు," అని గంగన్న మజ్జిగ తెప్పించాడు. మజ్జిగ తాగేసరికి వరహాలు మేనమామ కూతురైపోయింది. ఆ కబురు విని తాతబ్బాయి సంతోషంతో గడియారాన్ని రెండు గంటలు ఎక్కువ వెనక్కి లాగేశాడు.

ఇక మిగిలింది నకలు. ఊళ్ళో కొయ్యపనికి పేరుమోసిన భూషణాచారిని పిలిపించారు. ఆయన కంప్యూటరు చుట్టూ తిరిగి, జానాబెత్తా కొలతలేసుకుని, టేకుచెక్కతో అచ్చం అలాంటిదే చేశాడు. తెరమీద ఉన్న గీతలూ బొమ్మలూ కూడా చెక్కాడు. మూలనున్న గడియారం చెక్కి, "ఇది మాత్రం కదలదండి," అని హామీ ఇచ్చాడు. దాని ముందు అసలుదే కాస్త నాసిగా కనిపించింది. వేరే ఊళ్ళో దాచాలి కాబట్టి చినగుమ్ములూరులో గంగన్న మావయ్య ఇంట్లో పెట్టించారు. వరహాలు దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

శుక్రవారం తెల్లవారింది. తాతబ్బాయి తలంటుకుని, పట్టుపంచె కట్టి, బుగ్గన చుక్క పెట్టించుకుని కొట్లోకి వచ్చాడు. ముందు అలవాటుగా శుక్రవారాన్ని మంగళవారంలోకి లాగాడు. తర్వాత చీటీ కోసం మీట నొక్కాడు. ప్రింటరు గరగరలాడి కాగితం బయటపెట్టింది. తాతబ్బాయి తీసి చదివి, ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఏం రాసుందిరా?"

"'ఈ రోజు పెళ్ళిళ్ళేవీ లేవు' అని రాసుందన్నయ్యా."

"మరి నీ పెళ్ళి?"

"లేదంట," అన్నాడు తాతబ్బాయి. బుగ్గన చుక్క కారిపోయింది. "పెళ్ళికొడుకునై కూర్చున్నాక నాకు పెళ్ళి లేదంటోంది. నేనేం పాపం చేశాను?"

గోడౌను ముందు వ్యాను ఆగి ఉంది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పోతురాజు తాళంచెవి బొడ్లో దోపుకుని, చీటీ లేనిదే చెంచా కదలదని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆ మాట కాదనగల మొనగాడు పుట్టలేదు. అవతల మండపంలో వంటవాళ్ళు గాడిపొయ్యి వెలిగించి, దాని మీద పెట్టడానికి ఏమీ లేక చలి కాచుకుంటున్నారు.

"కంగారు పడకండి," అన్నాడు పాపారాయుడు. "నకలు దేనికుంది? ఇలాంటప్పటికే కదా!"

ఇంకేముంది, తాతబ్బాయి పట్టుపంచెతోనే సైకిలెక్కి చినగుమ్ములూరు తొక్కాడు. గంగన్న వీధి గుమ్మంలోనే ఎదురయ్యాడు. "గుండిగలేవి అల్లుడూ? చుట్టాలు దిగిపోయారు. ఫలహారం లేక మా పెదనాన్న అప్పుడే అలిగి రెండుసార్లు బస్టాండుకెళ్ళి వచ్చాడు."

"వస్తున్నాయండి, ముందు చెక్కది ఇవ్వండి," అని తాతబ్బాయి దాన్ని నెత్తినెట్టుకున్నాడు. కిటికీలోంచి వరహాలు చూసింది. పెళ్ళికూతురి ముస్తాబులో ఉంది. "తొందరగా వచ్చెయ్యండేం, నాన్న పీటలు తీయించేస్తానంటన్నారు," అంది సన్నగా. ఆ మాటతో తాతబ్బాయి సైకిలు తొక్కడం మర్చిపోయి, సైకిలు కూడా చంకనెట్టుకుని పరుగెత్తాడు.

చెక్క కంప్యూటరుని అసలుదాని పక్కన పెట్టారు. నొక్కారు. తట్టారు. వీరాయమ్మ హారతిచ్చింది. ఎంతకీ చీటీ రాలేదు.

"ఇదీ పనిచెయ్యట్లేదన్నయ్యా!"

పాపారాయుడు రెంటినీ మార్చిమార్చి చూసి తలాడించాడు. "భూషణాచారిని మెచ్చుకోవాల్రా. అది పనిచెయ్యట్లేదు, ఇదీ పనిచెయ్యట్లేదు. నకలంటే అలా ఉండాలి."

ఇక మిగిలిన దారి ఒక్కటే. పాతమనిషిని పట్టుకోవాలి. పెదగుమ్ములూరులో అబ్బులు తాత కన్నా పాతమనిషి లేడు. ఆయన టీ బడ్డీ దగ్గర ఎండ కాగుతున్నాడు.

"తాతా, నీకు పని తెలుసా?" అనడిగాడు పాపారాయుడు రొప్పుతూ.

"తెలీకేం. తట్టలల్లేవాణ్ణి."

"పని తెలిసిన పాతమనిషే! పట్టుకోరా తమ్ముడూ!"

అన్నదమ్ములిద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు. తాత గింజుకున్నాడు. వీళ్ళు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అలాగే ఎత్తుకొచ్చి కంప్యూటరు ముందు నిలబెట్టారు.

"పట్టుకున్నాం. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు తాతబ్బాయి.

"పట్టుకోమన్నారు. ఆ తర్వాత సంగతి చెప్పలేదు."

"వదలండ్రా, మీ గుండిగలు గంగలో కలవా!" అని తాత ఊరు దద్దరిల్లేలా అరిచాడు. "చంక గోక్కోవాలి, ఒక్క చెయ్యైనా వదలండ్రా!"

"అది మేం గోకుతాం తాతా, వదలమని ఎవరూ చెప్పలేదు," అని తాతబ్బాయి మర్యాదగా గోకాడు. గోకుతూనే ఏడుస్తున్నాడు. ముహూర్తం దగ్గరపడుతోంది. మండపంలో వరహాలు ఎదురుచూస్తూ ఉంటుంది. తనేమో పెళ్ళిపీటల మీద పిల్ల చెయ్యి పట్టుకోవలసిన వేళకి అబ్బులు తాత చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఫిలిప్ గారు కనిపించారు. పెళ్ళికి శుభలేఖ అందుకుని కాకినాడనుంచి వచ్చిన మనిషి. మండపంలో ఖాళీ పొయ్యి, కోపంగా ఉన్న గంగన్న చుట్టాలు కనపడేసరికి అనుమానమొచ్చి ఇటు వచ్చారు. వచ్చి చూస్తే ఏముంది? ఓ చెక్క కంప్యూటరు, మూతి దగ్గర గ్లాసు పెట్టుకుని గారె తింటున్న ఓ పెద్దమనిషి, ఇద్దరి మధ్య గిలగిల్లాడుతున్న ఓ ముసలాయన కనిపించారు. ఫిలిప్ గారు గోడకి ఆనుకున్నారు. తర్వాత ఆయన చూపు తెరమీద మూలకి పోయింది.

"ఇందులో ఇంకా మంగళవారం ఉందేంటండీ?"

"మీరే కదండీ మార్చొద్దన్నారు!" అన్నారు ముగ్గురూ ఒక్కగొంతుతో.

ఫిలిప్ గారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. పాపారాయుడు కూడా, అదీ ఓ జాగ్రత్తేమోనని, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. దాంతో అబ్బులు తాతకి ఒక రెక్క విడుదలైంది. రెండో రెక్క లాక్కుని, ఆ వయసులో ఎవరూ ఊహించనంత వేగంగా వీధిన పడ్డాడు.

ఫిలిప్ గారు మారు మాట్లాడకుండా తేదీ సరిచేసి మీట నొక్కారు. ప్రింటరు గరగరలాడింది. చీటీ! 'తాతబ్బాయి పెళ్ళి' అని పైనే అచ్చయింది. గుండిగలు, గంగాళాలు, బకెట్లు, జల్లిగరిటెలు అన్నీ ఉన్నాయి. తాతబ్బాయి చీటీని కళ్ళకద్దుకుని, ఫిలిప్ గారిని కావిలించుకుని, ఆనందం పట్టలేక బుల్లిరామయ్యని కూడా ముద్దుపెట్టుకున్నాడు.

పోతురాజు తాళం తీశాడు. పాత్రలన్నీ వ్యానెక్కాయి. తాతబ్బాయి కూడా ఎక్కబోతుంటే పోతురాజు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు చీటీలో లేవు బాబూ."

"నాకు పిచ్చెక్కేలా ఉంది," అన్నారు ఫిలిప్ గారు. మళ్ళీ లోపలికెళ్ళి, చివర 'పెళ్ళివారు – 1' అని చేర్చి ఇంకో చీటీ తీసిచ్చారు. "ఇదిగో, ఎక్కండి! ఒక్కమాట గుర్తుంచుకోండి. వెళ్ళినవి ఎన్నో తిరిగొచ్చినవీ అన్నే ఉండాలి. తేడా వస్తే ప్రోగ్రాం ఒప్పుకోదు, మళ్ళీ నన్ను పిలవకండి. పోనీ మెయింటెనెన్సు కట్టేయకూడదండీ రాయుడు గారూ?"

"ఎందుకండీ? బాగానే చూసుకుంటున్నాం కదా," అన్నాడు పాపారాయుడు.

వ్యాను దుమ్ము రేపుకుంటూ మండపానికి చేరింది. పొయ్యిమీద గుండిగ పడింది. ఉప్మా వాసన రాగానే గంగన్న పెదనాన్న బస్టాండునుంచి వెనక్కి వచ్చాడు. సన్నాయి మోగింది. తాతబ్బాయి జీవితంలో మొదటిసారి పందిరి వైపునుంచి నడిచి వెళ్ళాడు. తెరసెల్లా దించగానే వరహాలు నవ్వింది, అదే నవ్వు. మూడుముళ్ళూ వేసేటప్పుడు అతని చేతులు ఎంత వణికాయంటే ఒక ముడి గట్టిమేళం వాయించే మనిషి డోలు తాడుకి పడింది. పురోహితుడు విప్పి మళ్ళీ వేయించాడు. భోజనాలు తృప్తిగా జరిగాయి. ఎవరూ అలగలేదు, ఎవరూ మధ్యలో లేచిపోలేదు.

ఎండ చల్లబడ్డాక అప్పగింతలు అయ్యాయి. పాత్రలన్నీ కడిగి వ్యానెక్కించారు. పోతురాజు చీటీ పట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాడు. గుండిగలు సరి. గంగాళాలు సరి. ఒక్క చెంచా కూడా పోలేదు.

"పెళ్ళివారు ఒకటి," అని చదివాడు.

తాతబ్బాయి ఎక్కి కూర్చున్నాడు. అతని వెనకే కొంగుముడితో వరహాలు కూడా ఎక్కింది. పోతురాజు కాగితం చూశాడు, వ్యానులోకి చూశాడు.

"ఒకటి ఎక్కువొచ్చిందండీ!"

అందరూ మూగారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఎన్నిసార్లు పెట్టినా ఇద్దరే వచ్చారు. వెళ్ళింది ఒకటి, వస్తున్నవి రెండు. ప్రోగ్రాం ఒప్పుకోదు. వరహాలు పమిట సవరించుకుని, గంభీరంగా లేచింది.

"కాపురానికి వెళ్ళకుండానే నా మూలంగా లెక్క తప్పిందంటే నాకెంత అప్రతిష్ట! నేను దిగిపోతానండి."

"ఎంత తెలివైన పిల్ల!" అని వీరాయమ్మ మెటికలు విరిచింది.

తాతబ్బాయికి ఆ పిల్ల మీద ప్రేమ పొంగుకొచ్చింది. తన ఇంటి లెక్క కోసం ఇంత త్యాగమా! "వద్దు వరహాలూ," అన్నాడు. "కోడలు ఇంటికి రాలేదంటే నలుగురూ నిన్నంటారు. నువ్వూ పెళ్ళివారే, నేనూ పెళ్ళివారే. ఒకటి వెళ్తే చాలు. నువ్వెళ్ళు."

కొంగుముడి విప్పి, కిందికి దూకాడు. పోతురాజు చదివాడు. "పెళ్ళివారు ఒకటి. సరిపోయింది!" అందరూ చప్పట్లు కొట్టారు. "అల్లుడంటే నువ్వురా," అని గంగన్న కళ్ళొత్తుకున్నాడు. పాపారాయుడు తమ్ముణ్ణి గుండెలకి హత్తుకుని, భార్యని స్కూటరెక్కించుకుని వ్యాను కన్నా ముందే బయల్దేరాడు.

అయితే వ్యాను కదల్లేదు. డ్రైవరు ఎంత తిప్పినా గురగుర మంటుందే తప్ప స్టార్టవదు. తాతబ్బాయి పట్టుపంచె ఎగ్గట్టి, బాసికం వెనక్కి నెట్టుకుని, రెండు చేతులూ ఆనించి తోశాడు. బరువుగా ఉంది. ఇందులో నా భార్య ఉంది కదా, బరువుండదా మరి, అనుకునేసరికి గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఇంకాస్త గట్టిగా తోశాడు. అంతే, వ్యాను ఒక్క ఉరుకు ఉరికి, వరహాల్ని తీసుకుని పెదగుమ్ములూరు దారి పట్టింది. గుండిగల మధ్యనుంచి ఆ పిల్ల చెయ్యి ఊపుతూనే ఉంది. తాతబ్బాయి మెడలో పూలదండతో రోడ్డుమీద ఒక్కడే నిలబడి, వ్యాను కనుమరుగయ్యేదాకా చూసి, హమ్మయ్య, ఇన్నాళ్ళకి మనమూ ఒంటరివాళ్ళం కాదు అనుకున్నాడు.